హద్దు లోపల

రోహిణి కార్తె, మూడో రోజు

ఈ రోజు జానకీపతి గారి సీసా నా బల్ల మీదికి వచ్చింది.

పొద్దున్నే యంత్రాన్ని కరెంటిచ్చే ఎండపలకలకు తగిలించి, అది వేడెక్కేలోపు నిన్నటి సీసాలు ఉప్పునీళ్ళతో ఒకసారి, వాననీళ్ళతో ఒకసారి కడిగి బోర్లించాను. వాననీళ్ళ పీపా అడుగంటింది. మబ్బు పట్టేదాకా చెంబుతో కొలిచి వాడుకోవాలి. కిటికీలో అప్పటికే పాతిక సీసాలు చేరాయి. మూతల మీద పేర్లు చూసుకుంటూ వరసగా పేరుస్తుంటే పంతొమ్మిదో మూత మీద ఆయన పేరు కనిపించింది. గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాతతో నాకు బాగా పరిచయం.

మేం కాపురముండే ఏడో తెప్ప కింద తేలే దిమ్మలన్నీ పాత టైర్లు కరిగించి పోసినవే. కొలిమి పొగ పీల్చినవాళ్ళ ఒంట్లోకి దిగిన విషం మూత్రంగుండా బయటికి పోతుంది. పోతూ పోతూ మూత్రసంచి లోపలి పొరను కొరుకుతుంది. అక్కడ గడ్డ లేస్తుంది. తీయించుకుంటే కొందరికి మళ్ళీ లేస్తుంది. ఎవరికి లేస్తుందో ముందుగా చెప్పడమే నా యంత్రం పని. మూత్రంలో రాలిన కణాలను పట్టుకుని, వాటి జన్యువుల్లో ఐదు గుర్తులు వెతికి, వందకు ఇంత ప్రమాదం అని ఒక అంకె చూపిస్తుంది.

అంకె నలభై ఐదు దాటితే పడవ చీటీ ఇస్తాను. అది పట్టుకుని గట్టు ఆస్పత్రికి వెళ్తే అక్కడ గొట్టం వేసి చూసి, మొలక ఉంటే గీకి పంపిస్తారు. దాటకపోతే 'హద్దు లోపల' అని రాసిన పచ్చ చీటీ ఇస్తాను. పచ్చ చీటీ మీద అంకె ఉండదు. అంకె కనిపిస్తే జనం వాదనకు దిగుతారని ఆ పద్ధతి పెట్టింది జానకీపతి గారే. ఆయన మా తెప్ప ఆరోగ్యాధికారి. అంతకుముందు ఇరవై ఏళ్ళు కొలిమి దగ్గర అజమాయిషీ చేశాడు. మొన్న చలికాలంలో ఆయన మూత్రంలో రక్తం పడింది, గట్టుకు వెళ్ళి గడ్డ తీయించుకుని వచ్చాడు. ఇకమీద గడ్డ తీయించుకున్న అందరిలాగే ఆయనా కార్తెకొక సీసా పంపాలి. ఇప్పటిదాకా అరవై ఒక్క మంది. ఆయనతో అరవై రెండు.

యంత్రం ముప్పై ఒకటి చూపించింది.

ఆయన పేరున పచ్చ చీటీ రాసి హద్దు లోపలివాళ్ళ గూట్లో పెట్టాను. 


మృగశిర కార్తె, మొదటి రోజు

వాన. పీపా నిండింది.

మార్తమ్మ అంకె ముప్పై ఆరు. ఆఫీసు పుస్తకంలో నలభై ఏడు అని రాసి పడవ చీటీ ఇచ్చాను.

ఈ పుస్తకం నాది, ఉప్పు బస్తా కింద ఉంటుంది. ఇందులో రాసేది యంత్రం చెప్పిన అంకె. ఆఫీసు పుస్తకంలో రాసేది మనిషిని పడవెక్కించడానికి కావలసిన అంకె. మూడేళ్ళుగా ఇదే పని. ముప్పైకి, నలభై ఐదుకు మధ్య ఎవరు తగిలినా పదో పదిహేనో కలిపి పంపిస్తున్నాను. ఇప్పటికి ఇరవై ఇద్దరు. మార్తమ్మతో ఇరవై మూడు.

మొదట్లో హద్దు ముప్పయ్యే ఉండేది. గాలివానకు రెండు పడవల్లో ఒకటి పోయినప్పుడు జానకీపతి గారు దాన్ని నలభై ఐదు చేశారు. ఉన్న పడవలో ఎనిమిది చోట్లే, అప్పటికి అది అవసరమే అనుకుందాం. ఆరు నెలల్లో కొత్త పడవ వచ్చింది. హద్దు మాత్రం దిగలేదు. ఆ సంవత్సరం తెప్పల సమాఖ్య వాళ్ళు లెక్క తీస్తే అన్ని తెప్పల్లోకీ మా తెప్ప నుంచే తక్కువమంది ఆస్పత్రికి వెళ్ళారట. మాదే ఆరోగ్యమైన తెప్ప అని ఆయనకు ఇత్తడి పలక ఇచ్చారు. దాన్ని ఆఫీసు గుమ్మం మీద కొట్టించుకున్నాడు.

ఆ పలక వచ్చిన నెలలోనే నా భర్త ఏసోబు అంకె ముప్పై ఎనిమిది వచ్చింది. నేను జానకీపతి గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. పడవలో నాలుగు చోట్లు ఖాళీగా పోతున్నాయని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్న మాట ఇది:

"నీ మొగుడికొక హద్దు, ఊళ్ళోవాళ్ళకొక హద్దు పెట్టలేను గదమ్మా. లోపలుంటే లోపలున్నట్టే."

ఐదు నెలలకు ఏసోబు రక్తపు గడ్డలు పోసుకున్నాడు. గట్టుకు తీసుకెళ్తే, ఎముకల్లోకి పాకింది, తీసుకెళ్ళిపొమ్మన్నారు. చివరి పది రోజులు మంచం కింద బేసిను పెట్టి నేనే మార్చాను. ప్రతిసారీ "నీకు పని పెట్టాను సలోమీ" అనేవాడు. నొప్పి కంటే దానికే ఎక్కువ సిగ్గుపడ్డాడు. అతనికి నలభై నాలుగేళ్ళు.

పుస్తకంలో అంకెలు మార్చడం అప్పుడు నేర్చుకున్నాను. ఆలస్యంగా.


మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

మార్తమ్మ తిరిగొచ్చింది. బఠాణీ గింజంత మొలక, గీకేశారట. పడవ దిగీ దిగగానే నా కిటికీ దగ్గరకొచ్చి, గట్టు మీద కొన్న జామకాయలు రెండు పెట్టి పోయింది. ఒకటి తిన్నాను. పచ్చిది.


ఆరుద్ర కార్తె, రెండో రోజు

పోయిన కార్తెలో సీసా పంపడం మరిచిన జానకీపతి గారు ఈసారి స్వయంగా తెచ్చారు. ముప్పై నాలుగు.

ముక్కాలి పీట లాక్కుని కూర్చుని చాలాసేపు మాట్లాడారు. సమాఖ్య ఈ ఏడు మళ్ళీ పలకలు ఇస్తుందట, మూడేళ్ళుగా మన తెప్ప వెనకబడిందట. హద్దు దాటేవాళ్ళు ఇంతమంది ఎందుకవుతున్నారో అర్థం కావడం లేదని, యంత్రం ముసలిదైందేమోనని అన్నారు. యంత్రం బాగానే ఉందని చెప్పాను. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"నా సంగతేంటమ్మా, బానే ఉందా?"

"లోపలేనండీ."

సంతోషంగా తలూపి వెళ్ళిపోయారు. కావాలంటే అంకె అడిగే అధికారం ఆయనకుంది. అడగలేదు. తాను గీసిన గీత మీద ఆయనకంత నమ్మకం.

ఆయన వెళ్ళాక నాకు ఆకలి వేసింది. రోజూ మధ్యాహ్నం బలవంతాన రెండు ముద్దలు తినేదాన్ని, ఇవాళ గిన్నె ఖాళీ చేశాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.


పునర్వసు కార్తె, మొదటి రోజు

జానకీపతి: ముప్పై ఆరు. పచ్చ చీటీ.


పుష్యమి కార్తె, ఐదో రోజు

జానకీపతి: ముప్పై ఎనిమిది.

ఆ అంకె చూసి యంత్రాన్ని ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ ముప్పై ఎనిమిదే. సీసా మూత బిగించి కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత చీటీ రాశాను.

సాయంత్రం బంగారమ్మ వచ్చింది. పడవ నడిపేది ఆమే. ఏసోబుకు పినతల్లి కూతురు, నన్ను వదినా అంటుంది. జానకీపతి గారు వచ్చే నెల యంత్రం వీపు తెరిపించి లోపలి జ్ఞాపకం చూస్తారని ఆఫీసులో విన్నదట. యంత్రం ఏ అంకెనూ మరిచిపోదు. నేను పుస్తకంలో ఏం రాసినా అది చూసింది అందులో అలాగే ఉంటుంది. ఆ వీపు తెరిచే తాళం ఆయన దగ్గరే ఉంది. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

బంగారమ్మ నా ముఖం చూసి అంతా గ్రహించింది. మూడేళ్ళుగా పడవ నిండుతుంటే ఆమెకూ ఏదో అనుమానం ఉంది. నేను దాచలేదు. ఇరవై మూడు పేర్లూ చెప్పాను. ఆయన అంకె కూడా చెప్పాను.

ఆమె చాలాసేపు తాడు పురి విప్పుతూ కూర్చుంది.

"ఆయనక్కూడా కలిపెయ్ వదినా. గట్టుకెళ్ళొస్తాడు, బతుకుతాడు. నువ్వు కలిపినందువల్లే బతికానని తెలిస్తే ఇంక నీ జోలికెట్టా వస్తాడు?"

అది నిజం. నేనూ ఆలోచించిన సంగతే. పది కలిపితే చాలు, ఆయనకూ నాకూ ఇద్దరికీ ఒడ్డు దొరుకుతుంది. పెన్ను తీసి ఒక గీత గీయడమంత పని.

"కలపను," అన్నాను.

"అన్నయ్య ఉంటే ఒప్పుకోడు."

"ఉంటే కదా."

ఆమె లేచి వెళ్ళిపోయింది. రేపటి చీటీల కట్ట తీసుకెళ్ళడం మరిచిపోయింది.


ఆశ్లేష కార్తె, మూడో రోజు

నలభై ఒకటి.

పొద్దున నీటి పంపకం మీద సమావేశం జరిగింది. గంటలో ఆయన మూడుసార్లు లేచి వెళ్ళారు. మూడోసారి తిరిగొచ్చి కూర్చునేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నారు. ఏసోబు కూడా అలాగే పట్టుకునేవాడు. మొదట్లో నీళ్ళు ఎక్కువ తాగానని, తర్వాత ఎండ దెబ్బ అని చెప్పేవాడు. పక్కనున్నవాళ్ళు అడిగితే ఈయన కొత్త పీపా నీళ్ళు పడలేదని చెప్పారు.

నేను ఎదురు వరసలో కూర్చుని ఆయన వేళ్ళనే చూశాను. గోళ్ళు తెల్లబడ్డాయి.

రాయడానికి బాగోలేదు కానీ, పడవ గూట్లో చీటీ పెట్టవలసిన చేత్తో నేను ఇంకో గూట్లో చీటీ పెడుతున్నానని ఆ క్షణంలో నాకు పూర్తిగా తెలుసు. ఏదో పొరపాటున కాదు, మనసు చెదిరి కాదు. ఏసోబు పది రోజులు పడ్డాడు. ఈయన ఎన్ని రోజులు పడతాడో చూడాలని ఉంది.


మఖ కార్తె, ఆరో రోజు

జానకీపతి గారు ఇవాళ యంత్రం తెరిచారు.

ఒక్కరే వచ్చారు. మనిషి చిక్కిపోయాడు. తాళం తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. యంత్రం వీపులోని అంకెలన్నీ తెర మీదికి తెచ్చుకుని, ఆఫీసు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో పేరు కింద వేలు జరుపుతూ పోల్చారు. నేను సీసాలు కడుగుతూనే ఉన్నాను. పారిపోవడానికి తెప్ప మీద చోటేముంది.

మొదటి తేడా దొరికినప్పుడు నన్ను పిలిచి అడిగారు. కలిపానని చెప్పాను. రెండోది, మూడోది దొరికాయి. పది దాటాక అడగడం మానేశారు. మెడ మీద నరం లేచింది. తెప్పనంతా మోసం చేశానని, పడవలో చోట్లు దొంగిలించానని, యంత్రం మీద నమ్మకం చెడగొట్టానని వరసగా అన్నారు. కాదనలేదు. వాళ్ళలో పదిహేడు మందికి గట్టు మీద గడ్డ దొరికిందని మాత్రం చెప్పాను. అందరూ బతికే ఉన్నారనీ చెప్పాను.

ఆయన వినలేదు. ఇరవై మూడు పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నారు. ఇంకా ఉన్నాయేమోనని తెరను కిందికి జరిపారు. అక్కడ ఆయన పేరు ఉంది. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై మూడు. పక్కన పుస్తకంలో కూడా అవే అంకెలు. ఒక్కటీ మారలేదు.

వేలు అక్కడే ఆగిపోయింది. తల ఎత్తకుండానే అడిగారు.

"అందరికీ కలిపావు. నాకెందుకు కలపలేదు?"

"మీరు లోపలున్నారండీ."

ఆయన ముక్కాలి పీట మీద కూర్చున్నారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే వంగి పొత్తికడుపు పట్టుకున్నారు. నొప్పి వల్లో, మాట వల్లో తెలియదు. ఇన్నాళ్ళూ ఈ నిమిషం కోసమే ఎదురుచూశాను. అనుకున్నంత రుచిగానే ఉంది. తర్వాత పశ్చాత్తాపం వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు.

"ఏసోబుదెంత?" అన్నారు చివరికి.

"మీకు చెప్పాను గదండీ, ఆ రోజు."

ఆయనకు గుర్తులేదు.

అన్నిటికంటే అదే నాకు కోపం తెప్పించింది. మూడేళ్ళుగా నేను నిద్రలో కూడా వల్లిస్తున్న అంకె ఆయనకు గుర్తులేదు.


పుబ్బ కార్తె, మొదటి రోజు

నడిమి చావడిలో పంచాయితీ జరిగింది. తెప్పపెద్ద నాంచారమ్మ కూర్చుంది. కొలిమివాళ్ళు పని ఆపి వచ్చారు. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారేమోనని బంగారమ్మ అనుకుంది కానీ, తీసుకోలేదు. ఆయన మొండితనం ఆయనది. నేను చేసింది మోసమేనని, శిక్ష పడాలని నిలబడి చెప్పారు. నిలబడటానికి స్తంభం ఆనుకున్నారు.

నన్ను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇరవై ముగ్గురికి అబద్ధం రాశానని, ఒక్కరికి మాత్రం నిజం రాశానని. ఆ ఒక్కరి అంకె ఎంతో, ఏసోబుది ఎంతో కూడా చెప్పాను. 

నాంచారమ్మ డెబ్భై ఏళ్ళ మనిషి. గొంతు పెంచదు. జానకీపతి గారి వైపు తిరిగి, రేపటి పడవలో ఒక చోటు ఖాళీ ఉందని బంగారమ్మ చెప్పిందని అన్నది.

"నీ హద్దు ప్రకారం నలభై మూడు లోపలిది. నీ నోటితో చెప్పు. పంపమంటావా, ఉంచమంటావా?"

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను చూశారు. కొలిమివాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, గీకించుకొచ్చిన పదిహేడు మంది. ఉంచమంటే చావు. పంపమంటే మూడేళ్ళుగా చెప్పిందంతా తప్పని ఒప్పుకున్నట్టు. ఆయన పెదవులు కదలడం చూస్తూ నేను ముందుకు వంగాను. ఏ మాట వస్తే నాకు ఎక్కువ బాగుంటుందో నాకే తేలలేదు.

"పంపండి," అన్నారు. ముందు వరసవాళ్ళకే వినిపించింది.

వెనక నుంచి మార్తమ్మ లేచింది. "మరి ఏసోబు ముప్పై ఎనిమిదిని ఎందుకు పంపలేదండీ?"

ఆయన తల దించుకున్నారు.  

తర్వాత నాంచారమ్మ తీర్పు చెప్పింది. హద్దు మళ్ళీ ముప్పై. చీటీల మీద అంకె వెయ్యాలి. ఆయనకు పదవి లేదు. నాకు యంత్రం లేదు. కొత్త మనిషి పని నేర్చుకునేదాకా పక్కనుండి నేర్పాలి, ఆ తర్వాత దిమ్మలు కడిగే పనికి వెళ్ళాలి. కలిపినందుకు కాదని ఆమె స్పష్టంగా చెప్పింది.

"కలిపినోళ్ళకి కలిపావు, బాగానే ఉంది. ఈయన సీసా మీద పేరు చూశావు. పేరు చూసే మనిషిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టలేనే సలోమీ."

ఒప్పుకున్నాను. ఆ మాటలో తప్పు లేదు.

చావడి దిగుతుంటే మార్తమ్మ నా పక్కన నడిచింది. నన్ను చూడకుండా, తాను నాకు రుణపడి ఉన్నానని, అయినా అంతా విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచిస్తున్నానని చెప్పింది. ఎప్పుడో ఏ కుళాయి దగ్గరో నాతో పోట్లాడి ఉంటే తన చీటీ ఏ గూట్లో పడేదో అని. అలా ఎప్పటికీ చేసేదాన్ని కాదని చెప్పబోయాను. చెప్పలేదు. ఆమె తన గడప దగ్గర ఆగిపోయింది, లోపలికి రమ్మనలేదు.


ఉత్తర కార్తె, నాలుగో రోజు

కొత్త మనిషి పేరు ఇందుమతి. మూడో తెప్ప నుంచి వచ్చింది. మూతల మీద పేర్లు వద్దని, వరస అంకెలు వేద్దామని మొదటి రోజే అన్నది. పేర్ల జాబితా నాంచారమ్మ పెట్టెలో ఉంటుంది. మంచి ఆలోచన. నాకు మూడేళ్ళలో తట్టలేదు. తట్టినా చేసేదాన్ని కాదు.

కొత్త హద్దుతో ఈ కార్తెలో తొమ్మిది మందికి పడవ చీటీ వచ్చింది. ఇందుమతి చీటీలు రాస్తుంటే నేను పక్కన కూర్చుని కడిగిన సీసాలు తుడిచాను.


హస్త కార్తె, రెండో రోజు

రేపటి నుంచి దిమ్మల పని. ఇవాళ బల్ల ఖాళీ చేస్తుంటే బంగారమ్మ పడవలో గట్టు ఆస్పత్రి నుంచి ఉత్తరం తెచ్చింది. నా సంతకంతో వెళ్ళిన చివరి చీటీ ఆయనదే కాబట్టి పద్ధతి ప్రకారం నాకే రాశారు. బంగారమ్మ అది నా చేతికిచ్చి, చదివేదాకా ఆగకుండా వెళ్ళిపోయింది. ఈ మధ్య ఆమె నాతో పెద్దగా మాట్లాడటం లేదు.

ఉత్తరంలో ఉన్నది ఇది: రోగి జానకీపతి, యాభై ఎనిమిదేళ్ళు. గడ్డ సంచి గోడ దాటి కండరంలోకి దిగింది. సంచి మొత్తం తీసేశాం. పొట్ట మీద రంధ్రం చేసి బయట తిత్తి తగిలించాం. ప్రాణానికి ప్రస్తుతం ప్రమాదం లేదు, మిగతాది ఏడాది గడిస్తే గానీ చెప్పలేం. ఐదు గుర్తుల్లో రెండు వేసవిలోనే బలంగా ఉన్నట్టు మీరు పంపిన అంకెలను బట్టి తెలుస్తోంది. అప్పుడే పంపి ఉంటే గీకితే సరిపోయేది. ఆలస్యానికి కారణం రాసి పంపగలరు.

ఉత్తరానికి జతచేసిన జవాబు కాగితంలో కారణం అన్నచోట ఒక గీత గీసి ఖాళీ వదిలారు. అందులో నా పేరు రాశాను. ఇంకేమీ రాయలేదు. మడిచి రేపటి పడవ టపా సంచిలో వేశాను.

ఉత్తరం మాత్రం నా దగ్గరే ఉంది. దస్త్రంలో పెట్టమని ఇందుమతికి ఇచ్చేయాలి. మొదటిసారి విషయం తెలుసుకోవడానికి చదివాను. రెండోసారి చదవాల్సిన పనేమీ లేదు. అయినా కిటికీ వెలుగులోకి జరిగి కూర్చుని, ఒక్కో మాట దగ్గరా ఆగుతూ, మొదటి నుంచి మళ్ళీ చదివాను.